గాయపడిన సైనికుని తల్లికి మనం ఇచ్చే జవాబు

 

ఈ ఏటి సంచికలో పాఠంగా ఒక తల్లి విన్నపాన్ని తీసుకున్నాం. సరిహద్దులో కొడుకు గాయపడ్డాడని ఫోను వచ్చిన తల్లి ముందు ఎక్కడికి వెళ్తుంది? పక్కింటికి వెళ్తుంది. మసీదు ఇమామ్ సాహెబ్ ఇంటికి కబురు పంపుతుంది. తర్వాత మన సంఘం లాంటి వాటి గడప తొక్కుతుంది. ఆమె అడిగేది రెండే మాటలు: "మా వాడి కోసం దువా చేయండి. మాకు కాస్త ఆసరాగా ఉండండి."

మొదటి మాటకు మన దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధమే. జుమా నమాజు తర్వాత ఇమామ్ సాహెబ్ చేతులెత్తితే జమాఅత్ అంతా ఆమీన్ అంటుంది. రెండో మాట దగ్గరే మనకు సందేహాలు మొదలవుతాయి. సైన్యమే అన్నీ చూసుకుంటుంది కదా? జీతం వచ్చే ఇంటికి మనం ఇవ్వొచ్చా? ఇస్తే ఏ నిధి నుంచి ఇవ్వాలి? ఒకసారి ఇస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నలకు వరుసగా జవాబు వెతుకుదాం. మా అభిప్రాయం ముందే చెబుతాం: గాయం ఎన్నాళ్లు ఉంటుందో మన దువా, మన ఆసరా కూడా అన్నాళ్లు ఉండాలి.

మసీదులో వేసిన గుడారం

ఇలాంటి తల్లి, ఇలాంటి కొడుకు మన చరిత్రలోనే ఉన్నారు. హిజ్రీ 5వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 627లో, ఖందఖ్ (కందకం) యుద్ధం జరిగింది. మదీనా స్త్రీలు, పిల్లలు కోటల్లో తలదాచుకున్నారు. బనూ హారిసా వారి కోటలో హజ్రత్ ఆయిషా (రజి)తో పాటు కబ్షా బింత్ రాఫె (రజి) అనే తల్లి ఉంది. ఆమె కొడుకే అన్సారుల నాయకుడు హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి). ఆయన కవచం తొడుక్కుని కోట ముందు నుంచి వెళ్తుంటే, ఆలస్యమైంది, త్వరగా వెళ్లు నాయనా అని తల్లి తొందరపెట్టింది. హజ్రత్ ఆయిషా (రజి) కళ్లు మాత్రం ఆ కవచం మీద పడ్డాయి. అది పొట్టిది, చేతులను కప్పలేదు. ఇంకాస్త పొడుగుంటే బాగుండేదని ఆమె ఆ తల్లితో అన్నారు. ఆమె భయపడ్డట్టే జరిగింది. శత్రువు బాణం సఅద్ (రజి) చేతి నరానికి తగిలింది. నెత్తురు ఆగలేదు.

అప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఏం చేశారు? దువా ఒక్కటే చేసి ఊరుకోలేదు. పాఠశాలలో పిల్లలకు చెప్పినట్టు నాలుగు అంశాలుగా చూద్దాం.

ఒకటి, దగ్గరగా ఉంచుకున్నారు. చూడటానికి వీలుగా ఉండాలని సఅద్ (రజి) కోసం మసీదులోనే గుడారం వేయించారు. ఊరి నడిబొడ్డున, రోజుకు ఐదుసార్లు జనం కలిసే చోట గాయపడిన మనిషి పడక ఉంది.

రెండు, పని తెలిసిన వారికి అప్పగించారు. ఆ గుడారం హజ్రత్ రుఫైదా (రజి)దని చరిత్రకారులు రాశారు. గాయపడిన వారికి, ముఖ్యంగా చూసుకునే వారెవరూ లేని వారికి, సేవ చేయడం ఆమె తన బాధ్యతగా పెట్టుకున్నారు. ఆమె పేరు నేటికీ ముస్లిం సమాజాల్లో నర్సులకు గౌరవ చిహ్నం.

మూడు, చికిత్స చేయించారు. రక్తం ఆపడానికి ఆ కాలంలో తెలిసిన పద్ధతి, గాయానికి వాత పెట్టడం. ప్రవక్త (స) స్వయంగా వాత పెట్టారని, వాపు రాగా మళ్లీ పెట్టారని హదీసుల్లో ఉంది.

నాలుగు, క్రమం తప్పలేదు. ఉదయం అటు వెళ్తే ఎలా తెల్లవారిందని, సాయంత్రం వెళ్తే ఎలా పొద్దుపోయిందని సఅద్ (రజి)ను అడిగేవారు. ఎన్నో పనుల మధ్య, పూటకొకసారి ఒక పలకరింపు.

ఇంత చేసినా సఅద్ (రజి) బతకలేదు. మానుతున్నదనుకున్న గాయం తిరగబెట్టి, ఒక రాత్రి నెత్తురు గుడారం దాటి పారింది. కబ్షా (రజి) కొడుకును తలచుకుని విలపించింది. ఆమె విలాపంలో అబద్ధం లేదని ప్రవక్త (స) అన్నారే గాని ఆమె నోరు మూయించలేదు.

దువా విషయంలో తెలుసుకోవలసింది

ఈ ముగింపును దాటవేయకుండా చదవడం అవసరం. సాక్షాత్తు దైవప్రవక్త (స) దువా చేసిన మనిషే గాయంతో వెళ్లిపోయారు. కాబట్టి దువాను మందుచీటీలా, ఫలానా మోతాదుకు ఫలానా ఫలితం వస్తుందన్నట్టు చూడకూడదు. దువా ఆరాధన. అడగడం మన వంతు. ఎలా ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో అల్లాహ్ చిత్తం.

ఇది తెలియకపోతే ఆ తల్లికి మనమే హాని చేస్తాం. కాలు తీసేశారని తెలిశాక "నమ్మకంతో దువా చేయలేదేమో" అని ఎవరో ఒకరు అంటారు. "ఏ పాపమో ఇలా తగిలింది" అని ఇంకొకరు అంటారు. ఈ రెండు మాటలూ దీన్‌లోనివి కావు. కష్టం వచ్చిన విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా అది పాప పరిహారానికి కారణమవుతుందని హదీసులు చెబుతాయి. కష్టాన్ని నేరానికి రుజువుగా చూపే హక్కు మనకు లేదు. అలాగే "నీకింకా ఇద్దరు కొడుకులున్నారుగా" అనడం ఓదార్పు కాదు. మాట తోచకపోతే పక్కన కూర్చుంటే చాలు. రోగిని పరామర్శించడం, అంటే ఇయాదత్, ముస్లిం మీద ముస్లింకు ఉన్న హక్కుల్లో ఒకటి.

కొడుకు ఇబాదత్ గురించి కూడా తల్లికి దిగులుంటుంది. కట్టు మీద నీళ్లు పడకూడదన్నారు, వుజూ ఎలా? లేవలేడు, నమాజు ఎలా? ధర్మం ఇక్కడ ఎంతో సులువు చూపింది. నీళ్లు హాని చేసేచోట తయమ్ముమ్ ఉంది, కట్టు మీద తడిచేత్తో మసహ్ ఉంది. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని, అదీ కాకపోతే సైగతో నమాజు చేయవచ్చు. ఇమామ్ సాహెబ్ ఫోనులో ఆ అబ్బాయితో ఈ నాలుగు మాటలు నేరుగా చెబితే, తల్లి గుండె మీద నుంచి సగం బరువు దిగుతుంది.

గాయం చేసే ప్రయాణం

మన తెలుగు ఊళ్లకు సైన్యం కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరానికి మిలిటరీ మాధవరమన్న పేరు ఊరికే రాలేదు. కాని కొడుకును పంపిన ఇంటికి కూడా, గాయం తర్వాత ఏం జరుగుతుందో తెలియదు.

జమ్మూ కాశ్మీర్‌లో మందుపాతర పేలి కాలు దెబ్బతిన్న జవానునే అనుకుందాం. ముందు తోటి జవాన్లే రక్తం ఆగేలా కట్టు కడతారు. అక్కడి నుంచి దగ్గరలోని సైనిక వైద్య కేంద్రానికి, తర్వాత శ్రీనగర్ బేస్ ఆసుపత్రికో ఉధంపూర్ కమాండ్ ఆసుపత్రికో తరలిస్తారు. అవసరమైతే ఢిల్లీలోని ఆర్మీ ఆసుపత్రికి పంపుతారు. కాలు తీసేయవలసి వస్తే తర్వాతి మజిలీ పుణె. అక్కడి కృత్రిమ అవయవ కేంద్రం 1944 నుంచి పనిచేస్తున్నది. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడిన వారి కోసం పుణెలోనే ఖడ్కీలో 1974లో పునరావాస కేంద్రం పెట్టారు. గాయపడిన సైనికులకు చేతిపని నేర్పే, 1917లో మొదలైన సంస్థ ఒకటి అదే ఖడ్కీలో ఉంది.

కృత్రిమ కాలు అంటే దుకాణంలో చెప్పు కొన్నట్టు కాదు. ముందు కోసిన చోట పుండు మానాలి. తర్వాత వాపు తగ్గి, మిగిలిన కాలు సన్నబడాలి. అప్పుడు కొలత తీసి గిన్నె లాంటి తొడుగు చేస్తారు. కొన్నాళ్లకు కాలు ఇంకా సన్నబడి ఆ తొడుగు వదులవుతుంది. మళ్లీ కొలత, మళ్లీ తొడుగు. పెట్టిన కాలు కూడా అరిగిపోతుంది, కొన్నేళ్లకోసారి మార్చుకుంటూ ఉండాలి. లేని పాదం మండుతున్నట్టు, వేళ్లు మెలిపెడుతున్నట్టు రాత్రిళ్లు నొప్పి వస్తుంది. ఇది పిచ్చి కాదు, నటన కాదు, నరాలకు సంబంధించిన నిజమైన నొప్పి అని వైద్యులు చెబుతారు. ఇంట్లోవాళ్లకు ముందే ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంచాలి.

నడుము కింద స్పర్శ లేనివారి సంగతి ఇంకా కష్టం. పడుకున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ ఉండాలి, లేకపోతే పుండ్లు పడతాయి. మూత్రం గొట్టం శుభ్రంగా లేకపోతే జ్వరం వస్తుంది. ఇక పేలుడు దెబ్బ కంటికి కనబడకుండా మెదడుకు తగిలితే మతిమరుపు, విసుగు, నిద్రలో ఉలికిపాటు. "మా వాడు ఇలా ఉండేవాడు కాదు" అని తల్లి అనేది అప్పుడే. ఆ మనిషికి తాయెత్తు కంటే ముందు మానసిక వైద్యుడు కావాలి. చికిత్స తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని సఅద్ (రజి) గుడారం మనకు నేర్పనే నేర్పింది.

ప్రభుత్వం ఇచ్చేది, ఇంటికి మిగిలేది

సైనిక ఆసుపత్రిలో జవాను వైద్యానికి డబ్బు కట్టనక్కర్లేదు. కోలుకున్నాక వైద్య మండలి పరీక్షించి రెండు సంగతులు తేలుస్తుంది: వైకల్యం ఎంత శాతం, అది సైనిక సేవ వల్ల వచ్చిందా లేదా. పింఛను ఈ రెండు మాటల మీదే ఆధారపడుతుంది. తీర్పు సబబుగా లేదనిపిస్తే అప్పీలుకు దారి ఉంది. 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు కూడా వెళ్లవచ్చు. ఇంటికి వచ్చాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఈ కాగితాలకు మొదటి మెట్టు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం 2003 నుంచి నడుస్తున్నది. ఏటా డిసెంబరు 7న పిల్లలు చొక్కాలకు గుచ్చుకునే జెండా గుర్తుంది కదా, ఆ సాయుధ దళాల పతాక దినోత్సవం 1949లో మొదలైంది. ఆ హుండీలో పడే రూపాయి ఇలాంటి కుటుంబాల కోసమే.

అగ్నిపథ్ కింద 2022 తర్వాత చేరిన కుర్రవాళ్ల లెక్క వేరు. గాయం సేవ వల్లేనని తేలితే వైకల్యం 100, 75, 50 శాతాలను బట్టి 44, 25, 15 లక్షల రూపాయలు ఒకేసారి ఇస్తామని, మిగిలిన సేవా కాలపు జీతం కూడా ఇస్తామని పథకంలో చెప్పారు. నెలనెలా వచ్చే పింఛను అందులో లేదు. ఇరవై రెండేళ్ల వాడి చేతికి ఒకేసారి వచ్చిన సొమ్ము నలభై ఏళ్లు నిలవాలంటే మంచి సలహా కావాలి. బంధువులు అప్పు అడగడానికి ముందే ఆ సలహా అందాలి.

ఇన్ని ఉన్నా ఇంటికి మిగిలేవి చూడండి. తల్లి ఉధంపూర్ వెళ్లాలంటే దాదాపు రెండు రోజుల రైలు ప్రయాణం. తోడుగా వెళ్లే మేనమామకు కూలి పోతుంది. ఆసుపత్రి దగ్గర నెలల తరబడి గది అద్దె, తిండి ఖర్చు. ఆమె ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది కాబట్టి హిందీ వాళ్లతో మాట కలుస్తుంది, కాని వచ్చే కాగితాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. ఆమె చదవగలిగితే తెలుగే చదవగలదు. ఇక్కడ చెల్లెలి కాలేజీ ఫీజు ఆగిపోతుంది. ముసలి తండ్రి షుగరు మందులు మరచిపోతాడు. కొడుకు తిరిగి వచ్చాక గడపకు వాలుబాట కావాలి, చక్రాల కుర్చీ పట్టే తలుపు కావాలి, కూర్చోవడానికి వీలైన మరుగుదొడ్డి కావాలి. సంఘం చేయి అందించవలసింది ఈ ఖాళీల దగ్గర.

వీటికి తోడు మరొకటి. ఆ అబ్బాయి మళ్లీ జుమాకు వస్తానంటే మన మసీదుకు మెట్లు ఎన్ని? ర్యాంపు ఉందా? వుజూ దగ్గర పట్టుకోవడానికి కమ్మీ ఉందా? మొదటి సఫ్‌లో ఒక కుర్చీకి చోటుందా? పద్నాలుగు వందల ఏళ్ల క్రితం మసీదులోనే గాయపడిన వాడి పడక ఉంది. ఈనాడు వాడు వాకిట్లోనే ఆగిపోకూడదు.

ఏ నిధి నుంచి ఇవ్వాలి?

దాతలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. జకాత్ పొందే ఎనిమిది వర్గాలను దివ్య ఖుర్ఆన్ నిర్ణయించింది. సైనికుడి తల్లి అన్న కారణం చేతనే ఎవరూ జకాత్‌కు అర్హులు కారు. ఆ ఇల్లు పేదరికంలో ఉన్నా, అప్పుల్లో చిక్కుకున్నా, ప్రయాణంలో చేతిలో పైసా లేక ఆగిపోయినా అప్పుడు ఆ వర్గాల్లో చేరే అవకాశం ఉంది. ఇంటింటి పరిస్థితి వేరు కాబట్టి స్థానిక ఆలిముల సలహా తీసుకునే జకాత్ సొమ్ము వాడాలి.

సదఖా, లిల్లాహ్ నిధులకు ఆ కట్టుబాటు లేదు. మసీదు ర్యాంపు, తల్లి రైలు టికెట్టు, చెల్లెలి ఫీజు వీటి నుంచి ఇవ్వవచ్చు. పొరుగు వీధి హిందూ తల్లి కొడుకో క్రైస్తవ తల్లి కొడుకో గాయపడితే, ఈ నిధి నుంచి వారికీ నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. పొరుగువారి హక్కు గురించి మన ధర్మం చెప్పినంత గట్టిగా చెప్పిన విషయాలు తక్కువ. పేలిన మందుపాతర ఎవరి మతమూ అడగలేదు.

ఇచ్చే తీరులో మూడు జాగ్రత్తలు చెబుతాం. మొదటిది, జవాను పేరు, యూనిట్, ఉన్న చోటు, ఆసుపత్రి ఫొటో వాట్సాప్‌లో తిప్పకూడదు. అది అతని భద్రతకు, తోటివారి భద్రతకు సంబంధించినది. రెండోది, ఎవరో పంపిన ఖాతా నంబరుకు తొందరపడి డబ్బు వేయకుండా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో విచారించాలి. నిజమైన తల్లి ఈ విచారణకు నొచ్చుకోదు. మూడోది, చెక్కు చేతిలో పెట్టి ఫొటో దిగడం మానాలి. దానాన్ని గుప్తంగా ఇవ్వడం మేలని ఖుర్ఆన్ బోధ. కొడుకును దేశానికిచ్చిన తల్లి చేయి మన కెమెరా ముందు కిందుగా ఉండకూడదు.

రెండో ఏడాది గురించి

ఆసరా దొరికితే మనిషి ఎంత దూరం వెళ్లగలడో ఒక ఉదాహరణ. మహారాష్ట్రకు చెందిన మురళీకాంత్ పేట్కర్ సికింద్రాబాద్ ఈఎంఈలో ఉండగా బాక్సింగ్ చేసిన జవాను. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడింది. ఈత చికిత్సగా మొదలుపెట్టి ఆటగా మార్చుకున్నారు. క్రికెటర్ విజయ్ మర్చంట్ నడిపిన సేవా సంస్థ అండగా నిలిచింది. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో స్వర్ణం గెలిచారు. పారాలింపిక్స్‌లో భారతదేశానికి అదే మొదటి స్వర్ణం. తూటా తగిలిన నాటికీ ఆ పతకానికీ మధ్య ఏడేళ్లున్నాయి. ఆ ఏడేళ్లూ ఎవరో ఒకరు వెంట ఉన్నారు. అందరికీ పతకాలు రావు. ఒకరు కిరాణా కొట్టు పెట్టుకుంటారు, ఒకరు పిల్లలకు ట్యూషన్ చెబుతారు, ఒకరు తన పనులు తాను చేసుకోగలిగితే అదే చాలు. వారందరికీ కావలసింది కూడా ఆ వెంట ఉండేవాళ్లే.

మొదటి నెలలో ఆ ఇంటికి జనం బారులు తీరుతారు. పండ్లు, శాలువాలు వస్తాయి. ఆరో నెలకు పలకరింపులు పలచబడతాయి. రెండో ఏడాది వచ్చేసరికి ఇంట్లో ఆ తల్లి, మంచం మీద కొడుకు మిగులుతారు. కాబట్టి సంఘం ముందుకు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ఒక కుటుంబానికి ఇవ్వదలచిన మొత్తాన్ని ఒకే రోజు ఇవ్వకుండా, తక్షణ ఖర్చులకు కొంత ఇచ్చి, మిగతాది ఇరవై నాలుగు నెలలకు పంచుదాం. కాగితాలు చదివి పెట్టడానికి ఒక ఉపాధ్యాయుడిని, ఇంటికి వెళ్లి రావడానికి ఇద్దరు స్త్రీలను, మందులు, కట్లు చూసుకోవడానికి నర్సింగ్ తెలిసిన ఒక అమ్మాయిని నియమిద్దాం. వారానికోసారి ఎవరో ఒకరు ఆ గడప దాటి లోపలికి వెళ్లాలి.

ఇంట్లో చర్చించడానికి కొన్ని ప్రశ్నలు

ఈ రమజానులో ఇఫ్తార్ తర్వాత పిల్లలతో కూర్చుని వీటిని మాట్లాడుకోమని కోరుతున్నాం.

1. సఅద్ (రజి) కోసం గుడారం మసీదులోనే ఎందుకు వేయించారు? మన మొహల్లాలో ఆ గుడారానికి సమానమైనది ఏది?

2. దువా చేసినా నయం కాని రోగిని చూసి మనం అనకూడని మాటలు ఏవి? అనదగినవి ఏవి?

3. మన వీధిలో సైన్యంలో పనిచేసినవారు, పనిచేస్తున్నవారు ఎవరెవరు? వారి తల్లిని చివరిసారి ఎప్పుడు పలకరించాం?

4. డబ్బు లేని విద్యార్థి ఆ ఇంటికి ఏం సాయం చేయగలడు? కనీసం మూడు చెప్పండి.

గాయపడి మంచాన ఉన్న ప్రతి సైనికుడికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. వారి తల్లుల గుండెలకు సబర్, ఇళ్లకు బర్కత్ ఇచ్చుగాక. వారి గడప దగ్గరికి వెళ్లే ఓపికను రెండో ఏడాదిలోనూ మన కాళ్లకు ఇచ్చుగాక. ఆమీన్.